వాగుల వరస

యశోదమ్మ పదవీ విరమణ చేసిన వారానికి, ఆమె స్థానంలో సూపర్‌వైజరుగా వచ్చిన శ్రావణి మొట్టమొదట చేసిన పని గోడమీది పట్టికను తుడిచివేయడం. పర్ణశాలకు ఆవల, అడవి అంచున ఉన్న ఆ ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పేర్లు తీరూ తెన్నూ లేకుండా ఉన్నట్టు ఆమెకు తోచింది. కాన్పు తేదీల ప్రకారం వాటిని ముత్యాల్లా తిరగరాసింది.

పద్దెనిమిదేళ్ళుగా ఆశా కార్యకర్తగా ఉన్న జంపక్క నలుగురి ఎదుట ఏమీ అనలేదు. విడిగా వచ్చి చెప్పింది. వాన పడితే ఏ వాగు ముందుగా దారి మూస్తుందో, దాని అవతలి తల్లి పేరు పైన ఉండేదట. ఆ వరసలోనే వాళ్ళను ముందుగా ఇవతలికి తెచ్చుకునేవారట. శ్రావణి మర్యాదగానే విని, పై అధికారులకు తేదీలే కావాలని తోసిపుచ్చింది. జంపక్క మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె వెనుక మరెవరూ మూతి ముడవలేదు. “యశోదమ్మ ఉంటేనా” అన్న మాట ఆ గదిలో ఒక్కసారైనా వినబడలేదు.

జూలైలో ముసురు పట్టింది. పట్టికలో మొదటి పేరు చూసి శ్రావణి అంబులెన్సును రోడ్డు పక్క ఊరికి పంపింది. అది వెళ్ళిన గంటకు తండా నుంచి ఫోను. ఎనిమిదో నెల గర్భిణి ద్వాలికి నొప్పులు మొదలయ్యాయి. ఆమె పేరు పట్టికలో అట్టడుగున ఉంది. తండాకూ రోడ్డుకూ నడుమ వాగు పొంగుతోంది.

శ్రావణి జంపక్కను పిలిచింది.

“వాగు ఎగువకు రాళ్ళకాడ నడుముల లోతే ఉంటది, మేడం. తండావాళ్ళను మంచం, మోకులు తయారుంచమని పొద్దుగాలనే చెప్పిన. మీరు అవ్ అంటె పోతం,” అంది జంపక్క.

శ్రావణి తలూపి, తానూ బయలుదేరింది. జంపక్క ఫోనుతో అంబులెన్సు డ్రైవరు గణేష్ అప్పటికే బండిని వాగు వైపు మళ్ళించాడు. మోకు పట్టుకొని అందరూ వరసగా నీళ్ళలో నిలిచారు. ద్వాలిని పడుకోబెట్టిన మంచం వారి భుజాల మీదుగా ఇవతలి గట్టుకు చేరింది. కేంద్రం గడప తొక్కిన కాసేపటికే ద్వాలి ఆడపిల్లను కన్నది. బిడ్డ చిన్నదే గాని, గట్టిగా ఏడ్చింది.

మరునాటి సమీక్షలో, అంబులెన్సు అటెందుకు పోయిందని పెద్ద డాక్టరు నిలదీశాడు. శ్రావణి నోరు తెరవకముందే జంపక్క లేచింది.

“మేమే మేడంకు సక్కగ చెప్పలే, సార్.”

మిగిలినవారంతా అవునన్నట్టు తలలు ఊపారు. ఊరకే కూర్చుంటే ఆ మాటతో అంతా ముగిసిపోయేది. శ్రావణి లేచి నిలబడింది.

“సరిగానే చెప్పారు సార్. వినంది నేను.”

మెమో ఆమె పేరనే వచ్చింది. బయటికి రాగానే జంపక్క కోప్పడింది.

“గిసొంటివి మాకు అలవాటే. కొత్త నౌకరీకి మచ్చ ఎందుకు తెచ్చుకున్నరు?”

“తప్పు నాదయితే శిక్ష నీకా? అది న్యాయం కాదు, జంపక్కా.”

జంపక్క అంబులెన్సు ఎక్కి, పక్కకు జరిగి చోటిచ్చింది.

“గట్లయితే జల్దీ ఎక్కుండ్రి. వాగవతల ఇంక ఇద్దరున్నరు.”