మూడు చక్రాల సూట్‌కేసు

అన్నయ్య బస్సు దిగుతూనే ఊరి మీద తీర్పు చెప్పేశాడు. "ఇంతేనా?" ఆ ముక్క అనడానికే అంత దూరం ప్రయాణం చేసి వచ్చినట్టున్నాడు. వెనకాల అతగాడి సూట్‌కేసు, ఒక చక్రం పగిలి, కీచుమంటూ ఆయనగారి రాకను వీధంతా చాటుతోంది.

ఆ కీచు వింటుంటే ఎదురొచ్చిన చెల్లెలి చేతులు ఊరుకోలేదు. ఆమె పనే అది. పెట్టెలూ సూట్‌కేసులూ బాగుచేసే కొట్టు ఆమెది. బస్టాండుకూ ఇంటికీ మధ్య సందులో నీలం షట్టరు. కొట్టు తెరిచిననాడు అన్నయ్య ఫోన్లో పగలబడి నవ్వాడు. "జిప్పులు కుట్టుకుని బతుకుతావా? ఆరు నెలల్లో మూసేస్తావు చూడు" అన్నాడు. మూడేళ్లయింది. ఒక్కసారి లోపలికొచ్చి, చుట్టూ చూసి, "ఫరవాలేదే" అంటే చాలు ఆమెకు. నోరు తెరిచి ఆ మాట అడుక్కునే రకం కాదు గనక ఇంకోలా అంది.

"దార్లో కొట్టు దగ్గర ఆగుదామా? ఆ చక్రం మార్చేస్తాను."

"దానికేమైందే? కొత్త పెట్టె, కాస్త బిగుసుకుంది. అదే సర్దుకుంటుంది. ముందు ఊరు చూపించు."

చూపించింది. గడియార స్తంభం దగ్గర తన వాచీ చూసుకుని, స్తంభం మీది గడియారమే ఆలస్యంగా నడుస్తోందన్నాడు. చేపల ప్రదర్శనశాలలో అద్దంలో మొహం చూసుకుని తల దువ్వుకున్నాడు. మ్యూజియంలో కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాడు. ఎక్కడికెళ్లినా చూడవలసిన దానికి వీపు తిప్పి నిలబడి ఫొటో తీసుకోవడం, "ఇంతేనా" అనడం. అతని ఫోన్లో ఆ ఊరి వింతలన్నీ చెవుల పక్కన కాస్త కాస్త కనిపిస్తాయి.

కొండ మీద దుర్భిణి ఉంది. చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పి, తన సందు మీద నిలిపింది. "చూడన్నయ్యా, నీలం షట్టరు. బోర్డు కూడా చదవొచ్చు."

అన్నయ్య కన్ను ఆనించాడు. ఆమె అతని పెదవులకేసి చూసింది. సిగ్గులేని ఆశ.

"దాని వెనకాల ఆ పెద్ద మేడేంటే? షాపింగ్ మాలా? ఏసీ ఉంటుందా?"

ఆ సాయంత్రమంతా మాల్లోనే గడిచింది. "ఇదీ ఊరంటే!" అన్నాడు. ఆ దారిలోనే కొట్టును దాటాడు, ఫోన్లో కబుర్లాడుతూ.

వెళ్లే రోజు పొద్దున అతను స్నానానికి వెళ్లగానే చెల్లెలు సూట్‌కేసు బోర్లించింది. కొట్టు నుంచి తెచ్చిన చక్రాల్లోకెల్లా మంచిదాన్ని, తిట్టుకుంటూనే, బిగించింది. అరచేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. ఇప్పుడు ఎవరు బాగుచేశారని అడక్కుండా ఎలా ఉంటాడో చూద్దామనుకుంది.

వీధిలో సూట్‌కేసు నూనె రాసినట్టు సాగింది. మలుపు దాకా ఆమె అతని మొహమే చూస్తూ నడిచింది.

"చూశావా?" అన్నాడు అన్నయ్య.

ఆమె ఠక్కున ఆగింది.

"నేను చెప్పలా? అదే సర్దుకుంది. మీ రిపేరు వాళ్లంతా ఇంతే, లేని రోగం అంటగడతారు."

నీలం షట్టరు పక్క నుంచే నడిచారు. అతను తల కూడా తిప్పలేదు.

బస్టాండులో చెల్లెలు సూట్‌కేసు పడుకోబెట్టి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది.

"ఏం చేస్తున్నావే?"

"నాది నేను తీసుకుంటున్నా."

చక్రం ఊడి చేతికొచ్చింది. అన్నయ్యకు విషయం అర్థమయింది. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. ఒక్క మాట, ఏ మాటైనా సరే, అనడానికి అతనికి బోలెడంత వ్యవధి ఉంది. అతను మాత్రం చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

"పరువు తీయకు. మళ్లీ పెట్టెయ్, బస్సొచ్చింది."

"సర్దుకుంటుందిలే అన్నయ్యా."

సూట్‌కేసును చంటిపిల్లాడిలా పొట్టకు హత్తుకుని, రొప్పుతూ బస్సెక్కాడు. చూడముచ్చటగా ఉందనుకుంది. ఊళ్లో అంతకంటే చూడదగ్గది లేదు.

కొట్టు తెరిచేసరికి ఏడుపొచ్చింది. అలాంటి మనిషి కోసం ఏడుస్తున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. అంతలో ఒకావిడ చక్రం ఊడిన పెట్టె ఈడ్చుకుంటూ లోపలికొచ్చింది. చెల్లెలు అన్నయ్య చక్రాన్నే తుడిచి దానికి బిగించడం మొదలుపెట్టింది.

ఆవిడ స్టూలు మీద కూర్చుని గోడలకు వేలాడే హ్యాండిళ్లనూ, వరసగా పేర్చిన పెట్టెలనూ తీరిగ్గా చూసింది.

"ఫరవాలేదే. బాగా పెట్టుకున్నావమ్మా కొట్టు."

చెల్లెలు తల ఎత్తలేదు. అప్పటికే బిగిసిపోయిన స్క్రూనే ఇంకా తిప్పుతూ కూర్చుంది.