బండోడి సూదులు

సరుకుల యార్డులో అందరూ అతన్ని బండోడనే పిలిచేవాళ్ళు. క్రేన్ నడుపుతాడు. పొద్దున్నే ఇనప నిచ్చెన ఎక్కి గాజు క్యాబిన్‌లో కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే దిగడం. మధ్యలో దిగలేక తిండి కూడా తాడుకి కట్టించి పైకి లాక్కునేవాడు. "ఒరే బండోడా, పెట్టె బరువా, నువ్వు బరువా?" అని కింద నుంచి ఎవరైనా అరిస్తే అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

ఇంట్లో నవ్వు లేదు. అతని భార్య కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ కడుపు నిలవలేదు. అత్తగారు కోడలికి వినబడేలా గోడతో చెప్పుకునేది: "ఆ కడుపులో ఏదీ నిలవదు." అతను తలొంచుకుని తినేవాడు.

కొత్త డాక్టరమ్మ ఈసారి అతనికీ పరీక్షలు చేయించింది. ఫలితాలు చూసి ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"కొవ్వంటే ఊరికే పడుండే సరుకు కాదు బాబూ. అందులో అరోమటేజ్ అని ఒక ఎంజైము ఉంటుంది. అది మీ మగ హార్మోన్ని ఆడ హార్మోనుగా మార్చేస్తోంది. అది చూసి మెదడు, ఇక చాల్లే అనుకుని వృషణాలకి పంపే సంకేతం తగ్గించేస్తోంది. అందుకే వీర్యకణాలు తక్కువ."

"కానీ నెల తప్పిందిగా?" అన్నాడు.

"తప్పుతుంది. ఒళ్ళు బరువెక్కితే లోపల ఎప్పుడూ సన్నగా వాపు ఉంటుంది. దాని వల్ల పుట్టే చురుకు అణువులు వీర్యకణంలోని డీఎన్ఏ పోగుల్ని తెంపేస్తాయి. ఆ కణం ఈదుతుంది, అండంలోకీ వెళ్తుంది. తెగిన పోగుల్ని అండం కొంతవరకు అతికిస్తుంది. మరీ ఎక్కువగా తెగి ఉంటే పిండం పెరగలేదు."

భార్య మెల్లగా అడిగింది. "అయితే పోయిన ఆ రెండూ?"

"కచ్చితంగా అదే అనలేను. కావచ్చు. బరువు తగ్గితే చాలామందికి మెరుగవుతుంది. తొందరపడకండి."

బయటికి రాగానే అతను భార్యతో అన్న మొదటి మాట: "అమ్మకి చెప్పకు." ఆమె చెప్పలేదు. అత్తగారి సణుగుడు ఆగలేదు.

అతను జిమ్‌లో చేరాడు. సంగతి విని అక్కడి కోచ్ తేలిగ్గా కొట్టిపారేశాడు. "హార్మోను తక్కువైతే బయట నుంచి ఎక్కించుకుంటే సరిపోలా? నేనున్నా కదన్నా!" వారం వారం సూది. ఒళ్ళు గట్టిపడింది, పొట్ట లోపలికి పోయింది. నిచ్చెన ఆయాసం లేకుండా ఎక్కుతుంటే యార్డు వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. సూదుల సంగతి మాత్రం భార్యకి చెప్పలేదు.

మళ్ళీ ఇద్దరూ పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాగితం అతని ముందుకి తిప్పింది. "ఒక్క కణం కూడా లేదు. ఏమైనా వాడుతున్నారా?"

చెప్పక తప్పలేదు.

"హార్మోను బయట నుంచి వస్తుంటే మెదడు సంకేతం పూర్తిగా ఆపేస్తుంది బాబూ. కణాలు తయారవ్వాలంటే వృషణాల్లోనే హార్మోను ఊరాలి. రక్తంలో ఉన్నది అందుకు చాలదు. సూదులు ఇవాళే ఆపండి. చాలామందికి తిరిగొస్తాయి, నెలలు పడుతుంది. ఏడాది దాటినా దాటొచ్చు." తర్వాత అతని భార్య వైపు తిరిగింది. "నీకు అంత వ్యవధి లేదమ్మా. అండాలు బాగా తగ్గిపోయాయి."

బస్టాపులో భార్య అడిగింది. "నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"సిగ్గేసింది."

"కడుపు పోయిన రెండుసార్లూ ఆ ఆపరేషన్ బల్ల మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాను. నాకు సిగ్గుండదాండీ?"

ఆ సాయంత్రం తల్లి పాత పాట మొదలెట్టబోతే అతను అడ్డుపడ్డాడు. "అమ్మా, లోపం నాది. దాన్నేమీ అనకు."

"డాక్టర్లకేం, అలాగే చెప్తారు. నువ్వు తిను," అని తల్లి ఇంకాస్త వడ్డించింది. భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సూదులు ఆపేసరికి మనిషి కుదేలయ్యాడు. నిద్ర పట్టదు, దేని మీదా మనసుండదు. బరువు మళ్ళీ పెరిగింది. నిచ్చెన మధ్యలో ఒకసారి కళ్ళు తిరిగితే మేస్త్రీ అతన్ని కిందే గేటు దగ్గర కాపలా పనిలో కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి రోజూ నడక మొదలెట్టాడు, తిండి తగ్గించాడు. ఈసారి దగ్గరదారి ఏదీ వెతకలేదు.

ఏడాది దాటాక కణాలు కనబడ్డాయి. పోగులు తెగడం కూడా తగ్గిందన్నారు. అప్పటికే ఆమెకి నెలసరి ఆగిపోయింది. వేరేవాళ్ళ అండంతో ప్రయత్నించొచ్చని డాక్టరమ్మ ఎప్పుడో అంటే, ఆ బల్ల మళ్ళీ ఎక్కలేనని ఆమె అప్పుడే చెప్పేసింది.

అతను ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి ఫలితం చెప్పాడు.

"మంచిదే. మీ ఒళ్ళు బాగుపడింది," అంది ఆమె, బట్టలు మడతపెడుతూ. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్నా బాగుండేదనుకున్నాడు.