నికర తూకం

కాటా బాబాయ్ ఆ క్లినిక్కులో చేరేనాటికి ఆయన చేతిలో ఉన్న పెట్టుబడి ఒక్కటే: ఏ కాటా చేతనైనా తను అనుకున్నదే పలికించే నేర్పు. పాత ఇనుప సామాన్ల కొట్టు నడిపినన్నాళ్ళూ కొనేటప్పుడు తక్కువ, అమ్మేటప్పుడు ఎక్కువ తూగించాడు. కొట్టు మూతపడింది, నేర్పు మిగిలింది. బరువు తగ్గించే డాక్టరుకు సరిగ్గా ఆ సరుకే కావలసి వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ మిషను పదిహేను కిలోలు ఎక్కువ చూపించాలి. చూసినవాళ్ళు హడలిపోయి సూది మందుకు ఒప్పుకుంటారు. ఒప్పుకున్నవాళ్ళు ఇక మానరు. "ఇళ్ళలో కాటాలుంటే అవతల పారేయండి, అవన్నీ బొంకులు" అని డాక్టరు అందరికీ చెప్పేవాడు.

ఆ ఉదయం బాబాయ్ మోకాళ్ళ మీద కూర్చుని, మిషను అడుగున రబ్బరు మూత ఊడదీసి, ఆ పదిహేను కిలోలనూ తీసేస్తున్నాడు. తనిఖీ వాళ్ళు వస్తున్నారు. గది నిండా అద్దాలు. ప్రతి అద్దంలోనూ ఒక బట్టతల వంగి ఉంది. మందుల ఫ్రిజ్ గురగుర తప్ప మరో చప్పుడు లేదు.

"ఇవాళ ఒక్కరోజుకీ సత్యసంధుడివైపో బాబాయ్," అన్నాడు డాక్టరు. "రేపటినుంచి మన లెక్క మనదే."

"కాటాదేముందండీ, చెప్పినట్టు వింటుంది."

ఆ రోజు రావద్దని నర్సు పేషెంట్లందరికీ ఫోన్లు చేసింది. అయినా దర్జీ అమ్మ వచ్చింది. ఆమె వచ్చిన సంగతి మొదట ఎవరికీ తెలియలేదు. మనిషి దగ్గరకొస్తే వాటంతటవే తెరుచుకునే గాజు తలుపులు ఆమెకు తెరుచుకోలేదు. చంకలో గుడ్డముక్కల బొంతతో ఆవలివైపు నిలబడి ఓపిగ్గా లోపలికి చూస్తూ ఉంది, ఎంతసేపటినుంచో మరి. బాబాయ్ లేచి తలుపు ముందుకు వెళ్ళాకే అవి కదిలాయి.

"రావద్దన్నాం కదమ్మా."

"ఒక్క వారం మానితే ఎక్కేస్తుంది బాబాయ్. డాక్టరుగారు యాభైకి దిగమన్నారు. నేనేమో యాభై ఒకటి దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయాను." ఆమె నవ్వింది. పెదవులు కదలని చోట కూడా చర్మం కింద పళ్ళ వరస తెలిసింది. "నా బట్టలు నేనే ఎన్నిసార్లు బిగించి కుట్టుకున్నానో! నా టేపు తగ్గావంటుంది. మీ మిషనుకే జాలి లేదు."

"టేపు మాట వినొచ్చు కదా."

"టేపు పట్టేది నా చెయ్యే కదా, మొహమాటపడుతుంది. మిషనుకు నేనేమన్నా చుట్టాన్నా?"

అంతలో తనిఖీ అధికారిణి వచ్చింది. వెనక ఇద్దరు తూకపు రాళ్ళ పెట్టె మోసుకొచ్చారు. ఇరవై కిలోల రాయి పెడితే మిషను ఇరవై అంది. ఇంకో రాయి పెడితే దాని బరువూ సరిగ్గా చెప్పింది.

"మనిషిని కూడా ఎక్కించండి. రాయి కదలదు, మనిషి కదులుతాడు," అంది అధికారిణి.

ఎవరూ అడగకుండానే దర్జీ అమ్మ చెప్పులు విడిచి ఎక్కింది.

ముప్పై ఆరు.

పదిహేను తీసేస్తే మిగిలేది అంతేనని బాబాయ్ ఎప్పుడో లెక్క కట్టుకోవలసింది. కానీ తను తిప్పిన కాటాను తనే నమ్మాడు. ఇన్నాళ్ళూ ఆమె ఎదురుగా నిలబడితే ఆయన కళ్ళు తెర మీది అంకెనే చూశాయి.

"ముప్పై ఆరు!" దర్జీ అమ్మ చప్పట్లు కొట్టింది. చేతులు కలిశాయిగానీ చప్పుడు రాలేదు. "చూశావా బాబాయ్, ఒక్క వారంలో!"

అధికారిణి కాగితంలో అంకె కోసం గడి ఉంది. ఆమె అంకె చూసి రాసుకుంది, తల పైకెత్తలేదు. "ఈ మిషను ఎప్పుడూ ఇంత సరిగ్గానే చూపిస్తుందా?"

కాదంటే చాలు. సూది మందు ఇవాళే ఆగిపోతుంది, ఈ మనిషిని ఇక్కడినుంచే ఆసుపత్రికి తీసుకెళతారు. తన కొలువూ ఇవాళే పోతుంది, ఇంటావిడ కంటి ఆపరేషను ఊసు ఇక ఉండదు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. అద్దాలన్నింటిలోంచీ దర్జీ అమ్మ బాబాయ్ వైపే చూస్తోంది.

"ఎప్పుడూ ఇంతేనండి," అన్నాడు.

దర్జీ అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడూ ఇంతేనా? మరి పోయిన వారం..." అధికారిణి అప్పటికే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిపోయింది. దర్జీ అమ్మ మెల్లగా మిషను దిగింది. "కళ్ళు తిరుగుతున్నాయి బాబాయ్. కాస్త కూర్చుంటాను."

"మంచినీళ్ళు తెస్తానమ్మా."

తేబోతుంటే నర్సు పిలిచింది, రాళ్ళ పెట్టెకు ఇంకో చెయ్యి కావాలని. ముగ్గురూ కలిసి కారుదాకా మోశారు. సంతకాలయ్యాయి. మిషనుకు పచ్చ స్టిక్కరు అంటించి తనిఖీ వాళ్ళు వెళ్ళిపోయారు.

"ఆ ఒక్క మాటతో నిలబెట్టావు బాబాయ్," అని డాక్టరు భుజం తట్టాడు.

అప్పుడు నీళ్ళు గుర్తొచ్చాయి. గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి దర్జీ అమ్మ సోఫాలో కళ్ళు తెరుచుకునే ఉంది. పిలిస్తే పలకలేదు. చేతి మీద చెయ్యి వేశాడు. ఫ్రిజ్ గురగుర ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది.

డాక్టరు వచ్చి నాడి చూశాడు. చూసిన చేతినే మళ్ళీ చూశాడు. "గుండె ఆగింది," అన్నాడు. "పోయిన వారం యాభై ఒకటి ఉంది కదా. మన తప్పేముంది?" లోపలి మంచం మీదకు చేర్చమన్నాడు.

బాబాయ్ ఒక్కడే ఎత్తుకున్నాడు. రెండో చెయ్యి అవసరం పడలేదు. నాలుగు అడుగులు వేసేలోపే, దారిలో జారవిడిచానేమోనని ఆగి తన చేతుల్లోకి చూసుకున్నాడు.

తిరిగి వచ్చి నిలబడి, అలవాటు కొద్దీ మనసులోనే లెక్క వేసుకున్నాడు. కొలువు నిలిచింది. ఇంటావిడకు కంటి ఆపరేషను అవుతుంది. పచ్చ స్టిక్కరు ఉన్నంతకాలం మిషను వంక చూసేవాడుండడు. ఇక మిగిలింది, ఎముకలు ఒరుసుకోకుండా ఆమె సోఫాలో వేసుకు కూర్చున్న గుడ్డముక్కల బొంత. అంతసేపు మనిషి కూర్చున్నా దాని మడతల్లో ఒక్కటి కూడా అణగలేదు.