కీర్తిశేషులు చలపతిరావు గారి షష్టిపూర్తి

చలపతిరావు గారికి కోపం వస్తే సాఫ్ట్‌వేర్ మారుతుంది. పంజాగుట్టలో మూడో అంతస్తున ఉన్న ఆ ఆరుగురి ఆఫీసులో ఈ సంగతి అందరికీ తెలుసు. సుకన్యకు మాత్రం చేరిన ఐదో నెలలో తెలిసింది. వాళ్లు చేసేది తెలుగు టైపింగ్ ఎడిటర్. పెళ్లికార్డులూ కరపత్రాలూ కొట్టే డీటీపీ సెంటర్లకు అమ్ముతారు. యజమాని చలపతిరావు గారు అందులోనే పద్యాలు రాసుకునేవారు. ఒకరోజు నూటనలభై పద్యాలనూ మౌస్‌తో సెలెక్ట్ చేసి, మురిపెంగా చూసుకుంటూ, చెయ్యి జారి డిలీట్ నొక్కారు. ఆ కంగారులో సేవ్ చేసి మరీ మూసేశారు. ఆఫీసంతా పైకి అయ్యో అంది. లోపల ఏమనుకుందో ఇక్కడ రాస్తే బాగుండదు.

"నొక్కగానే అడక్కుండా తీసేయడమేంటమ్మా?" అన్నారు సుకన్యతో. "సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కితే, తీసేసే ముందు స్క్రీన్ మీద ఒక పెట్టె రావాలి. నిజంగానే తొలగించాలా, అవునా, వద్దా అని అడగాలి. ఎంటర్ కొడితే 'వద్దు' అనే పడాలి. 'అవును' కావాలంటే మౌస్ పట్టుకుని నొక్కాలి. అప్పుడుగానీ మనిషి ఆలోచించడు."

"సెలెక్ట్ చేసిన్రంటేనే ఆలోచించిన్రన్నట్టు కదా సార్. తప్పుపోతే అన్‌డూ ఉంది. ఫైలు మూసినంక సుత అన్‌డూ అయ్యేటట్టు చేస్తను. రెండు వారాలు ఇయ్యండి."

"నా పద్యాలు పోయాక నాకు పాఠాలు చెప్తున్నావా?"

ఇంకో నెలలో పర్మనెంట్ కావలసిన పిల్ల. ఏం చేస్తుంది? మనుషులు పెట్టెలు చదవరని తెలిసీ, నోరు మూసుకుని పెట్టె పెట్టింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకయ్యా అని మధురానగర్ హాస్టల్ దాకా తిట్టుకుంటూ పోయింది.

పెట్టె ఉన్న కొత్త వెర్షన్ ముందుగా మైత్రీవనం వెనక నర్సింహులు డీటీపీ సెంటర్‌కు చేరింది. అక్కడ ఏ కార్డునూ మొదటినుంచి కొట్టరు. పాత కార్డు తెరుస్తారు. పాత పేరును సెలెక్ట్ చేసి దాని మీదే కొత్త పేరు కొడతారు. అక్కర్లేని మాటలుంటే సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కుతారు. చూపంతా చేతిరాత కాగితం మీదే, స్క్రీన్ వైపు ఎవరూ చూడరు. పదకొండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న నాగేశ్వరి అయితే అసలే చూడదు. ఏ పెట్టె వచ్చినా, ప్రింటరుదైనా వైరసుదైనా, వేలు దానంతటదే ఎంటర్ మీద పడుతుంది.

చలపతిరావు గారు తన షష్టిపూర్తి కార్డు అక్కడే ఇచ్చారు. ఆ పూట నాగేశ్వరి ముందు తెరిచి ఉన్నది ఎవరిదో సంవత్సరీకం కార్డు. అయితేనేం, రెండింటికీ ఫోటో, కొడుకుల పేర్లు, భోజనాలు, ఫంక్షన్ హాలు ఉండేవే. సంవత్సరీకం మీద షష్టిపూర్తి అని కొట్టింది. పాత పేరు మీద కొత్త పేరు కొట్టింది. పేరుకు ముందున్న 'కీర్తిశేషులు' చోట కొట్టేదేమీ లేదు, తీసేస్తే సరి. సెలెక్ట్ చేసింది, డిలీట్ నొక్కింది, పెట్టె వచ్చింది, ఎంటర్ కొట్టింది. అప్పటికే ఆమె కళ్లు కాగితంలో తర్వాతి లైను మీదున్నాయి. ప్రూఫ్ చలపతిరావు గారికే వెళ్లింది. ఆయన ఫోటోలో జుట్టు ఒత్తుగా పడిందో లేదో చూసుకుని సంతకం పెట్టారు.

మూడు వందల కార్డులు ఊళ్లకు పోయాయి. చలపతిరావు గారి భార్య ఛాయాదేవి గారి ఫోను పొద్దున ఆరింటికి మొదలైంది. ఒంగోలు నుంచి ఆడపడుచు ఏడుస్తూ, ఎప్పుడు జరిగింది వదినా, మాకొక్క మాట చెప్పలేదే అంది. ఏమీ జరగలేదమ్మా, లోపల ఉప్మా తింటున్నారు అని ఛాయాదేవి గారు పదకొండు మందికి చెప్పి, పన్నెండో ఫోను ఆయన చేతికే ఇచ్చేశారు.

మధ్యాహ్నానికి నర్సింహులు నాగేశ్వరిని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "తప్పు మాదే సార్. రేపటి సంది పనికి రావద్దని గీమెకు చెప్పిన. కొత్త కార్డులు ఇయ్యాల్నే కొట్టిస్త."

"నేను తీసిన సార్," అంది నాగేశ్వరి. "నా చేత్తోని తీసిన. ఎట్ల ఉన్నదో నాకు తెల్వది."

"తీస్తే ఎందుకుంటుందమ్మా? దెయ్యం వచ్చి పెట్టిందా?" అన్నారు చలపతిరావు గారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. మూలన కూర్చున్న సుకన్యకు తల కొట్టేసినట్టయింది. నాగేశ్వరి చెప్పింది నిజమేనని, ఆమె కాక ఆ గదిలో తెలిసింది తనొక్కదానికే. తన పర్మనెంట్ ఉత్తరం చలపతిరావు గారి బల్ల మీద, సంతకం కోసం ఉంది. నోరు విప్పితే అది గోవిందా. విప్పకపోతే ఈవిడ పదకొండేళ్ల పని గోవిందా. లేచి, నర్సింహులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఆ కార్డును ల్యాప్‌టాప్‌లో తెరిచి ఆయన ముందు పెట్టింది.

"మీరే తీయండి సార్. కాగితం చూస్కుంట కొట్టండి, ఆమె కొట్టినట్టు."

ఆయన ఆ మాటను సెలెక్ట్ చేశారు. డిలీట్ నొక్కారు. పెట్టె వచ్చింది. కాగితం వైపు తిరుగుతూ ఎంటర్ కొట్టారు. "తీసేశాను. ఏముందిందులో?"

"స్క్రీన్ చూడండి సార్."

చూశారు. ఇంకా కీర్తిశేషులే. ఈసారి పళ్లు బిగించి, కన్నార్పకుండా సెలెక్ట్ చేసి నొక్కారు. పెట్టె ఇంకా పూర్తిగా తెరుచుకోకముందే వేలు ఎంటర్ మీద పడింది. మూడోసారి చెయ్యి ఎత్తి, ఒళ్లో పెట్టుకున్నారు.

"గీ పెట్టె నేనే పెట్టిన సార్," అంది సుకన్య. "ఇట్లయితదని తెల్సి సుత పెట్టిన. తీసేస్తే నన్ను తీసేయండి. ఆమె జోలికి పోవద్దని చెప్పండి."

చలపతిరావు గారు తన పేరునూ, దాని ముందున్న మాటనూ మళ్లీ చదువుకున్నారు.

"పెట్టించింది నేను. ప్రూఫ్ మీద సంతకమూ నాదే," అన్నారు. "నర్సింహులు గారూ, ఆవిడ మీ దగ్గరే ఉంటుంది. నన్ను చంపుకున్నది నేనే." సుకన్య ఉత్తరం లాక్కుని, ఈసారి మొత్తం చదివి, సంతకం పెట్టారు. "ఆ పెట్టె పీకెయ్యమ్మా. ఇప్పుడే."

అరగంట పట్టింది. సుకన్య ల్యాప్‌టాప్‌ను నాగేశ్వరి వైపు తిప్పింది. నాగేశ్వరి కాగితం పక్కన పెట్టి స్క్రీన్ వైపు చూసింది. కీర్తిశేషులును సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కింది. పోయింది.

"ఇగ బతికిన్రు సార్," అంది.