తీగ మీద చీర

శంకరమ్మ చీరను రెండో బకెట్లో జాడించి, పిండి, తీగ మీద ఆరేసింది. అది మాసిన చీర కాదు. నిన్న నీలం చీరను ఉతికింది, ఇవాళ సన్నని మెరూన్ అంచున్న ఈ బూడిద రంగు నూలు చీరను. కొంగు కిటికీ వైపుకు వచ్చేలా సర్ది, క్లిప్పులు పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, లోపల మంచం మీద పడుకున్న మనిషికి అది ఎంత మేరకు కనిపిస్తుందో వంగి చూసుకుంది.

గేటు దగ్గర మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న వాచ్‌మన్ పరశురాం రోజూ అనే మాటే అన్నాడు.

"లేని మనిషి చీర గింతగనం ఉతుకుతున్నవ్. సబ్బు దండగ గాదా?"

"నీ అంగీ ఎన్నడన్న గింత సాఫ్ ఉన్నదా? సప్పుడు జెయ్యక కూసో."

చెయ్యి తన కొంగుకు తుడుచుకుంటూ శంకరమ్మ లోపలికి నడిచింది. పొట్టి మనిషి. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఎడమ భుజం కుడి భుజం కంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు బేగం బజార్లో పప్పు బస్తాలు ఎత్తిన భుజం అది.

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక మిషన్ కాంపౌండులో, చర్చికి ఆనుకుని ఉన్న ఆ రెండు గదుల క్వార్టర్లో సుగుణమణి, స్వర్ణ చాలా ఏళ్ళు కలిసి ఉన్నారు. ఇద్దరూ మిషన్ బడిలో టీచర్లుగా చేసి రిటైరైనవాళ్ళు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. శంకరమ్మ వాళ్ళింట్లో గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది. సాయంత్రం వాళ్ళు ప్రార్థనకు కూర్చుంటే ఆమె వెనక కుళాయి దగ్గర ఉండేది. లోపలి మాటలు గిన్నెల చప్పుడులో కలిసిపోయేవి. రమ్మని వాళ్ళు పిలవలేదు, వస్తానని ఆమె అనలేదు.

వానాకాలంలో చర్చి ఆడవాళ్ళంతా మెదక్‌లో ప్రార్థన కూడికకు వెళ్ళి వస్తుంటే వ్యాను బోల్తా పడింది. చేతులు విరిగినవాళ్ళు, తలకు కుట్లు పడినవాళ్ళు నెమ్మదిగా కోలుకున్నారు. స్వర్ణ అక్కడికక్కడే పోయింది. సుగుణమణికి తుంటి విరిగింది. గుండె బలహీనంగా ఉంది కాబట్టి స్వర్ణ సంగతి ఇప్పుడే చెప్పవద్దన్నారు డాక్టర్లు. చర్చి సంఘమంతా ఆ మాటకు కట్టుబడింది. ఆడవాళ్ళు వంతులు వేసుకుని జావ తెచ్చారు, పక్కన కూర్చుని పాటలు పాడారు, స్వర్ణ పేరు మాత్రం ఎత్తలేదు. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండడానికి శంకరమ్మను పెట్టారు.

దవాఖానలో కళ్ళు తెరిచిన పూట సుగుణమణి అడిగిన మొదటి మాట, స్వర్ణ ఎక్కడ అని. శంకరమ్మకు తన పెనిమిటి బిచ్చయ్య పోయిన రోజు గుర్తొచ్చింది. వరండాలో కునుకు తీస్తున్న ఆమెను వార్డుబాయ్ కాలితో తట్టి, లేవమని, మంచం ఖాళీ చెయ్యాలని చెప్పాడు. అట్లా తెలిసింది ఆమెకు. అందుకని సుగుణమణి చెయ్యి పట్టుకుని, నోటికి వచ్చిన అబద్ధాల్లో అన్నిటికంటే మెత్తనిది చెప్పింది.

"నిద్రపోయింది టీచరమ్మా. మంచిగ నిద్రపోయింది."

సుగుణమణి కాసేపు ఆమె మొహంలోకి చూసి, కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

అడిగితే ఏం చెప్పాలోనని రోజూ గుండె పట్టుకుని తిరిగిన శంకరమ్మకు మొదట అది మేలనిపించింది. తర్వాత వింతగా తోచింది. అన్నేళ్ళు ఒక కంచంలో తిన్న మనిషిని గురించి ఒక్క మాటైనా అడగకపోతే, చదువుకున్నవాళ్ళ మనసులు ఇంత గట్టివా అనుకుంది. అయినా జాగ్రత్త పడింది. ఇంటికి వచ్చాక పొద్దుగూకగానే పక్క గదిలో లైటు వేసేది. స్వర్ణ చీరలు ఒక్కొక్కటే తీసి ఉతికి ఆరేసేది. మనిషి ఉన్న ఇల్లులాగే ఉండాలని.

ఇవాళ ఆ పని కూడా అయిపోతుంది. సుగుణమణి తమ్ముడి కూతురు జెర్లిన్ వచ్చి ఆమెను సికింద్రాబాద్ తీసుకుపోతుంది. అక్కడ లిఫ్టు ఉంది, పనిమనిషి ఉంది. క్వార్టరు మిషన్‌కు అప్పగించాలి. బయలుదేరే ముందు స్వర్ణ సంగతి చెప్పేస్తానని పాస్టర్ ఎర్నెస్ట్ అయ్యగారు నిన్ననే అన్నారు.

శంకరమ్మ భయమంతా సుగుణమణి కాళ్ళ గురించే. నెలల తరబడి తన భుజం మీద వాలి, ఒక్కో అడుగూ నేర్చుకున్న కాళ్ళు. ఆ మాట వినగానే మడతపడి కూలిపోతాయేమో. మళ్ళీ లేవలేకపోతే?

వేడినీళ్ళతో ఒళ్ళు తుడిచి, ఇస్త్రీ చీర కట్టి, సుగుణమణిని వాకర్ దగ్గరికి తెచ్చింది. సన్నగా, నిటారుగా ఉండే ఆమె ఇప్పుడు ఒక పక్కకు ఒరిగింది. తల దువ్వబోతే నూనె డబ్బా, దువ్వెన తనే తీసుకుంది. దెబ్బ తగిలాక ఇదే మొదటిసారి.

"ఇయ్యాల నేనే దువ్వుకుంట. అక్కడ ఎవరు దువ్వుతరు?"

అయ్యగారు, జెర్లిన్ కలిసి వచ్చారు. శంకరమ్మ సుగుణమణిని కూర్చోబెట్టి, కుర్చీ వెనక నిలబడింది. పడితే పట్టుకోవాలని రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుంది. అయ్యగారు బైబిల్ వాక్యం చదివారు, గొంతు సవరించుకున్నారు.

"సుగుణమణి గారూ, మీకొక సంగతి చెప్పాలి. మన స్వర్ణ గారు ఆ రోజే ప్రభువులో నిద్రించారు."

సుగుణమణి తల ఊపింది.

"తెలుసు అయ్యగారూ. దవాఖానల కండ్లు తెరిచిన పూటనే శంకరమ్మ చెప్పింది."

జెర్లిన్ చటుక్కున శంకరమ్మ వైపు చూసింది. శంకరమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అయ్యగారు అన్న మాట, తను అన్న మాట పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. నిద్రించారు. నిద్రపోయింది. చనిపోయిన మనిషిని గురించి వీళ్ళు అనే మాట అది.

"అత్తా, మరి మాతోని ఒక్క మాటన్న అనలేదేంది?" అంది జెర్లిన్.

"మీరెవ్వరు ఎత్తకపోతిరి. నా మొహం చూసి దుఃఖం ఓర్చుకుంటున్నరు అనుకున్న. శంకరమ్మే నయం. రోజు స్వర్ణ గదిల దీపం పెట్టింది, దాని చీరలు ఉతికింది. పండుకోని అవే చూసుకుంట ఏడ్చేదాన్ని."

ఎన్నో రాత్రులు శంకరమ్మ కళ్ళ ముందు తిరిగాయి. గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపు, సన్నగా అదురుతున్న భుజం. తుంటి నొప్పి అనుకుని బామ్ రాసింది. నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే, పోతుందిలే అనేది. మంచం పక్కనే కింద చాప మీద తను. చెయ్యి చాపితే అందేంత దూరం.

అయ్యగారు శంకరమ్మకు చేతులు జోడించారు. మేమెవరమూ చెయ్యలేని పని చేశావని, నీకు దేవుడే ఆ ధైర్యం ఇచ్చాడని అన్నారు. కుర్చీ వెనక సిద్ధంగా పెట్టుకున్న చేతులు ఆమె దించేసింది. ఏం చెప్పాలి? నేను చెప్పింది అబద్ధమనా?

సుగుణమణి కాళ్ళు మడతపడలేదు. వాకర్ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా మెట్ల దాకా నడిచింది. అక్కడ ఆగి శంకరమ్మ తడి చెయ్యి పట్టుకుంది.

"నాతోని అబద్ధమాడని మనిషివి నువ్వొక్కదానివే."

శంకరమ్మ తనను పట్టుకున్న ఆ చేతిని చూస్తూ నిలబడింది. నీలి నరాలు తేలిన చెయ్యి, బొటనవేలికి ఇంకా కొద్దిగా తెల్లని నూనె.

"ఔ, టీచరమ్మా," అంది.

పరశురాం గేటు తీశాడు. కారు అబిడ్స్ వైపు తిరిగి, బస్సులు, ఆటోల మధ్య కలిసిపోయింది. ఎప్పుడొస్తారని అతను అడుగుతుండగానే శంకరమ్మ లోపలికి వచ్చి చీపురు అందుకుంది. పరుపు చుట్టింది. మంచం కింద ఊడ్చింది. స్వర్ణ గది తలుపు దగ్గరికి వేసింది. తర్వాత అద్దం ముందుకు వచ్చింది.

అక్కడ మూత పెట్టని కొబ్బరినూనె డబ్బా ఉంది. చలికి నూనె తెల్లగా గడ్డ కట్టింది. అందులో నడిమధ్యన, ఒక వేలు లోతుగా గీరి తీసుకున్న గుంట అట్లాగే ఉంది.