నురగ అణగని నూనె

మార్చి పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో బంగాళాదుంప వేపుడు తిన్నట్టు బూడిద మాస్టారికి ఇప్పటికీ గుర్తే. తిన్నాడంటే, రెండు ముక్కలు.

తాను పనిచేసే నూనె మిల్లు నుంచి తానే తెచ్చిచ్చిన నూనె మూకుట్లో పొంగింది. ముక్కలు వేగి పైకి తేలినా నురగ అణగలేదు.

"ఏంట్రా ఇది? వండుకోమని తెచ్చావా, బట్టలుతుక్కోమని తెచ్చావా?" అంది అక్క, గరిటె పైకెత్తి.

మాస్టారు స్టవ్ ఆపేశాడు. కొత్త నూనె అలా పొంగదు. నాలుగైదు రోజులు వేపి వేపి మాడగొట్టిన నూనె పొంగుతుంది. కానీ ఇది లేత పసుపు రంగులో అద్దంలా ఉంది. మాడిన నూనెను అంత తేటగా చేసేది ఆ మిల్లులో ఒక్కటే. తన ఊక బూడిద.

మూడేళ్ళు దాని వెంటపడ్డాడు. బాయిలర్ వెనక గుట్ట పోసి వదిలేసే బూడిదను జల్లించి, ఆమ్లంతో కడిగి, మళ్ళీ కాల్చి వేడి నూనెలో కలిపితే రంగంతా తాగేసేది. నూనె రంగు తీసే ఖరీదైన మట్టి కొనే పని లేకుండా చిన్న మిల్లులు బతుకుతాయనుకున్నాడు. చివరి రోజుల్లో ఉన్న భార్య మంచం మీది నుంచే గ్లాసెడు నూనెను కిటికీ వెలుతురుకెత్తి చూసి నవ్వింది. ఆ నవ్వుతో కష్టమంతా తీరిపోయింది.

తిన్నగా మిల్లుకెళ్ళాడు. గోదాములో గింజల బస్తాల చాటున, హోటళ్ళ నుంచి వచ్చిన జిడ్డు డబ్బాలు వరసగా ఉన్నాయి.

"బూడిద మీదే కదా మాస్టారూ," అన్నాడు యజమాని, పళ్ళు కుట్టుకుంటూ. "రంగు పోయింది, కంపు పోయింది. ఇంకేం కావాలి మీకు?"

"లోపలి విషం పోలేదండీ."

"చూసేవాడికి కనపడేది రంగేగా! తనిఖీ ఆయన సీసా ఎత్తి చూశాడు, సంతకం పెట్టాడు. పొద్దున్నే లారీ హాస్టళ్ళకెళ్తుంది."

"పిల్లలు తింటారండీ!"

"మన పిల్లలు కాదుగా."

మాస్టారి ఒళ్ళు భగ్గుమంది. "ఛీ," అన్నాడు. అంతకన్నా పెద్ద తిట్టు నోటికి రాలేదు. రానందుకు తన మీద తనకే ఇంకా మండింది.

షిఫ్టు దిగి అందరూ వెళ్ళాక పార పట్టాడు. రంగు తాగి నల్లబడ్డ బూడిద పిప్పిని బాయిలర్ రాజెయ్యడానికి డీజిల్‌తో తడిపి ఒక పీపాలో ఉంచుతారు. దాన్ని పారలకొద్దీ ఎత్తి, లారీ కోసం నింపి పెట్టిన తొట్టిలోకి విసిరాడు. ఒక్కో పారకూ పళ్ళ మధ్య నుంచి ఏదో గొణిగాడు. తేటదనం నల్లగా చెదిరిపోయింది. ఎంత వడకట్టినా ఇక డీజిల్ కంపు వదలదు. ఇది పొయ్యిలోకే తప్ప ఏ కంచంలోకీ పోదు.

వెనక దగ్గు వినపడింది. ఫోర్‌మన్. ఇరవై ఏళ్ళుగా యజమాని ఉప్పు తింటున్న మనిషి. మాస్టారు పార దించలేదు.

"వెళ్ళి చెప్పుకో," అన్నాడు.

ఫోర్‌మన్ తొట్టిలోకి వంగి చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

"పైపైన తేలుతోంది మాస్టారూ. కలిపే మోటారు వెయ్యండి. స్విచ్చి మార్చారు, ఇప్పుడు కిందది."

మాస్టారు కింది స్విచ్చి నొక్కాడు. మోటారు గుర్రుమంది. ఆ మోత వీధిలోకి పోకుండా ఫోర్‌మన్ బయటికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేశాడు.