అత్తగారిని పడగొట్టిన పొట్టేలు

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ సామెత పుట్టించినవాడు సినిమాలు చూసి ఉండడు. నా పేరు మురళీకృష్ణ, కొమరోలు బస్టాండు పక్కన బట్టలు కుట్టుకు బతుకుతాను. ‘అటకమీద అత్తగారు’ లాంటి సినిమా మళ్లీ రాలేదు, రాదు. చచ్చి దయ్యమైన అత్తగారు అటక దిగొచ్చి, అల్లుడి ఇంట్లో పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసి పోతుంది. మనం భయపడుతూ నవ్వుతాం, నవ్వుతూ భయపడతాం.

అందులో మా పొట్టేలు ఉంది. నలభై ఏళ్ల కిందట ఆ సినిమా షూటింగు ఇక్కడ కొండ కింద జరిగింది. అత్తగారి దయ్యం అల్లుణ్ణి తరుముకుంటూ వస్తుంటే పొట్టేలు ఊరికే పక్కన నిలబడాలి. తెల్లచీర చూసి ఏమనుకుందో ఏమో, పరుగున వచ్చి దయ్యాన్ని ఢీకొట్టింది. దయ్యం వెల్లకిలా పడి, “అమ్మో, చచ్చాను!” అని అరిచింది. డైరెక్టరు దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ పొట్టేలును సాకినవాడు మా ఓబులేసు మామ.

మొన్న అదే సినిమాను ‘అటక’ అనే పేరుతో కొత్తగా తీశారని తెలిసి, మామ గొర్రెలను ఎవరికో అప్పజెప్పి నా దుకాణానికి వచ్చాడు.

“అల్లుడా, పొట్టేలు ఉంటాదంటావా?”

“పేరులోనే అత్తగారిని ఎత్తేసినారు, ఇంక పొట్టేలును ఉంచుతారా మామా?”

మామ ముఖం వాడిపోయింది. నా నోటికి తాళం లేదని మా ఇంట్లో అననే అంటారు. మరుసటి రోజు మ్యాట్నీకి మామనూ ఆయన భార్య శేషమ్మత్తనూ వెంటబెట్టుకుని నేనే గిద్దలూరు బస్సెక్కాను. దారిపొడుగునా మామది అదే ప్రశ్న. తన పొట్టేలు పేరు నిలవాలని ముసలాయన ఆరాటం కాబోలు అనుకున్నాను.

కొత్త సినిమాలో అటకే లేదు. అపార్టుమెంటులో లిఫ్టు ఉంది. అత్తగారు పప్పు జోలికే పోలేదు, వచ్చిన వాళ్లందరి నెత్తురూ తాగింది. మోత భరించలేక నేను చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను. శేషమ్మత్త కళ్లు గట్టిగా మూసుకుని, “నవ్వాల్సిన చోటు వస్తే చెప్పు నాయనా, తెరుస్తా” అంది. నేనేం చెప్పను, ఆ చోటు వస్తే కదా.

ఇంటర్వెల్ తర్వాత దయ్యం అల్లుణ్ణి పొలాల్లో తరిమింది. అప్పుడు వచ్చింది పొట్టేలు. కంప్యూటర్లో చేసిన పొట్టేలు, ఎద్దంత ఉంది. కళ్లలో నిప్పులు. అది ఢీకొట్టగానే దయ్యం పొగైపోయింది. హాల్లో ఒక్కడు నవ్వితే ఒట్టు. మామ మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. “కూచో తాతా!” అని వెనకనుంచి అరిచారు. పొట్టేలు అంతటితో పోలేదు. ప్రతి గొడవలోనూ అదే వచ్చింది. ఆఖరున కొండెక్కి నిలబడితే గానీ సినిమా అయిపోలేదు.

బయట టీ తాగుతూ నేను మండిపడ్డాను.

“ఇదేం సినిమా మామా! పాతదాంట్లో పొట్టేలు ఒక్కసారే కనిపిస్తాది, మళ్లీ రాదు. జనం రావాలని కోరుకున్నా రాదు. అదీ డైరెక్టరంటే! ఎక్కడ ఆపాలో తెలిసినోడు.”

శేషమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆపింది డైరెక్టరు కాదు అల్లుడా, మా నాయన.”

“మీ నాయనా?”

“ఆ సీను తీసిన సాయంత్రం, మనూరికొచ్చిన సినిమావాళ్లకు మర్యాద చెయ్యకుంటే పరువు తక్కువని అందర్నీ భోజనానికి పిలిచినాడు. పొద్దున్నే డైరెక్టరు ఉరుక్కుంటా వచ్చినాడు. పొట్టేలుకు ఇంకా శానా సీన్లు రాసినా, తోలుకరా అన్నాడు. ‘రాత్రి మీరు తిన్నది దాన్నే గదా సామీ’ అన్నాడు మా నాయన.”

టీ నా ముక్కుల్లోకి పోయింది. దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. మామా నవ్వాడు, అత్తా నవ్వింది. అందరికంటే ముందు మామ ఆగిపోయాడు.

“నేను తినలేదు. చేనులోకి పోయి కూచున్నా. నా చేతిమేత తిని పెరిగింది అది. పిలిస్తే వచ్చేది. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా మీరంతా పడీపడీ నవ్వుతారు. నాకేమో, ఆ సీను అయిపోతానే ఇంక సాయంత్రం అయితాదని గుండె జారిపోతాది.”

గ్లాసు మళ్లీ చేతికి తీసుకున్నాడు.

“ఈ పొద్దు చూడు, ఆఖరుదాకా బతికింది. దాన్ని ఎవుడు కోస్తాడు? కొత్తదే బాగుండాది అల్లుడా.”

మామ మీద అంత ప్రేమ నాలో ఉందని ఆ టీ కొట్టు ముందే నాకు తెలిసింది. సాయంత్రం ఆటకు కూడా టికెట్లు తీయమంటావా అని అడిగాను. అత్త వద్దని మొత్తుకుంది, మామ మాత్రం అప్పటికే గేటు వైపు నడుస్తున్నాడు.

ఆ రెండు సినిమాల్లో ఏది గొప్పదని దుకాణానికి వచ్చినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. మామ అక్కడ లేకపోతే పాతదంటాను. ఉంటే కొత్తదంటాను, అదీ గట్టిగా అంటాను.